ఐసు గదిలో మైకక్క

మైకక్కకు గ్రంథాలయంలో ఉద్యోగం ఇచ్చింది ఆమె చేత పని చేయించుకోవడానికి కాదు, ఆమె నోరు మూయించడానికి. ఈ సంగతి ఆమెను తీసుకున్న రోజునే ఊళ్ళో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. తెలిసే ఒప్పుకుంది. తోపుడు బండి చక్రం ఆ మధ్యే విరిగింది మరి.

అప్పటివరకూ ఆమె గ్రంథాలయం పక్క సందులో కూరగాయలు అమ్మేది. ఆమె పుట్టి పెరిగింది ఒక నేత మిల్లు గోడ పక్కన. మగ్గాల హోరులో మంచినీళ్ళు కావాలన్నా అరిచే అడగాలి. అలా తయారైన గొంతు పెళ్ళయి ఈ ఊరికి వచ్చాక కూడా దిగలేదు. సందు మొదట్లో నిలబడి ఆమె ‘వంకాయలు’ అంటే సందు చివరింట్లో పొయ్యి మీద నూనె పెట్టేసేవాళ్ళు. మొగుడు లారీల మెకానిక్కు. పని చేస్తున్నంతసేపూ పళ్ళ మధ్య ఏదో ఒక బోల్టు పట్టుకునే అలవాటు గనుక ఆయన మాట్లాడేది తక్కువ. ఇద్దరికీ కావలసిన మాటలు ఆమె ఒక్కతే మాట్లాడేది. మైకు మింగి పుట్టిందని ఎవరో అన్నారు. చిన్నా పెద్దా అందరూ మైకక్క అనడం మొదలుపెట్టారు. ఆమె ఏమీ అనుకోలేదు. పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి చూడడం కూడా మానేసింది.

గ్రంథాలయం ఉన్న భవనం ఒకప్పుడు ఐసు ఫ్యాక్టరీ. పెద్ద రోడ్డు మీద ఇంకా పెద్ద ఫ్యాక్టరీ వచ్చేసరికి దీని యజమాని తాళం వేసి వెళ్ళిపోయాడు. చాలాకాలం అది గబ్బిలాలకే పనికొచ్చింది. తర్వాత ఊళ్ళో టింబర్ డిపో ఆయనకు, చనిపోయిన తండ్రి పేరు మీద ఏదైనా కట్టించాలని బుద్ధి పుట్టింది. కొత్తది కట్టడం కన్నా కట్టినదాన్ని తీసుకోవడం తేలికని మర్నాడే తెలిసొచ్చింది. డిపోలో మిగిలిన చెక్కతో బీరువాలు చేయించాడు. ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అడిగాడు. జనం తాము చదవనివన్నీ ఇచ్చారు. కొన్నాళ్ళకు మున్సిపాలిటీ దాన్ని తన చేతిలోకి తీసుకుని, ఆయన్ని కమిటీ అధ్యక్షుణ్ణి చేసి, గుమ్మం మీద బోర్డు పెట్టింది. బోర్డు ఏమన్నా ఊరు మాత్రం దాన్ని ‘ఐసు’ అనే పిలిచింది. ‘ఐసుకి పోయొస్తా’ అంటే చదువుకోవడానికి వెళ్తున్నానని అర్థం. కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళు ఒకరిద్దరు గిన్నెలు పట్టుకుని వచ్చిన మాట కూడా నిజమే.

ముందువైపు పెద్ద హాలు. నేల మధ్యలో ఒకప్పుడు కరిగిన నీళ్ళు పోయిన కాలువ అలాగే ఉండేది. ఆదమరిచి కుర్చీ వెనక్కి జరిపినవాడి కాలో, కుర్చీ కాలో అందులో పడేది. హాలు వెనక ఐసు దిమ్మలు దాచిన గది. కిటికీ లేదు. రెండు గోడల మధ్య రంపపు పొట్టు కూరి కట్టారు. తలుపు పరుపంత మందం. ఆ గదిలో విరిగిన బల్లలు, పాత పేపర్ల కట్టలు పడేసి ఉంచారు.

వీటన్నిటికీ అధిపతి లైబ్రేరియన్ గారు. సన్నటి మనిషి, మెత్తటి చెప్పులు. ఆయనకు లోకంలో కావలసింది ఒక్కటే, నిశ్శబ్దం. కుర్చీ కాళ్ళకు గుడ్డలు కట్టించాడు. తలుపు బందులకు తనే నూనె వేసేవాడు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని దాన్ని ఆపేయించాడు. టైము కావలసినవాళ్ళు బయటికెళ్ళి ఎదురుగా బట్టల కొట్లో చూసుకుని రావాలి. అలాంటాయనకు మైకక్క గొంతు చెవిలో జోరీగ అయింది. రోజూ సందులోకి వచ్చి, పెదాల మీద వేలు నిలబెట్టి ఆమె ముందు నిలుచునేవాడు. వేలు ఒకటి చూపిస్తున్నాడు కదా అని ఆమె ఒక కిలో తూచి ఇచ్చేది. కాదనడానికి నోరు విప్పాలి, నడివీధిలో గొంతెత్తి మాట్లాడడం ఆయనకు చేతకాదు. అలా ఆ ఏడాది ఆయన ఇంట్లో వంకాయ తప్ప వేరే కూర లేదు.

చివరికి ఆయన కమిటీకి ఫిర్యాదు చేశాడు. అధ్యక్షుడు డిపోలో దుంగలతో వేగిన మనిషి. ఏ దుంగను ఎటు దొర్లించాలో ఆయనకు తెలుసు. బయటున్న గొంతును ఏ చట్టమూ ఆపలేదనీ, లోపలికి తెచ్చుకుంటే మాత్రం నియమం ప్రకారం నోరు మూసుకోవాల్సిందేననీ, ఎలాగూ అటెండర్ పోస్టు ఖాళీ ఉందనీ తేల్చాడు. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదేనని లైబ్రేరియన్ గారు మెల్లగా అన్నాడు. ఎంత మెల్లగా అంటే ఎవరికీ వినపడలేదు. తీర్మానం ఏకగ్రీవమైపోయింది.

ఇంటికెళ్ళి చెబితే అత్తగారు నమ్మలేదు.

“ఉద్యోగమంటే ఏం చెయ్యాలే?”

“మాట్లాడకుండా ఉండాలంట అత్తా.”

“అది నీకొచ్చా?”

“నేర్పుతారంట.”

బండి బాగుచేయించి మరిది తీసుకున్నాడు. వాడి గొంతు పక్కవాడికే వినపడదు. సందు ప్రశాంతంగా మారింది. కొన్నాళ్ళకు వాడు కూరగాయలు మానేసి సైకిళ్ళు బాగుచెయ్యడం నేర్చుకున్నాడు.

మైకక్క నేర్చుకోవడం మాత్రం అంత తేలికగా జరగలేదు. బీరువాలు దులపడం, పేపర్లు కర్రలకు గుచ్చడం, వెనక్కొచ్చిన పుస్తకాలు సర్దడం రెండు రోజుల్లో వచ్చేసింది. గుసగుసలాడడమే రాలేదు. ఆమె గుసగుస మామూలు మనుషులు వీధి అవతలివాణ్ణి పిలిచినట్టుండేది. ఒకరోజు హాల్లో ఇద్దరు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటుంటే, ఉద్యోగధర్మం గుర్తొచ్చి “నిశ్శబ్దం” అంది. ఒకాయన కళ్ళజోడు కాలువలో పడింది. ఇంకొకాయన తన పేపరు తనే చింపుకున్నాడు. లైబ్రేరియన్ గారు అధ్యక్షుణ్ణి అడిగి ఒక చెక్కపలక తెప్పించి, దాని మీద ‘నిశ్శబ్దం’ అని రాయించి, ఇకమీదట ఎవరైనా మాట్లాడితే ఇది ముఖం ముందు పట్టుకోమన్నాడు. ఆమె అలాగే పట్టుకునేది. సాయంత్రమయ్యేసరికి గొంతులో ఎవరో దూడను కట్టేసినట్టుండేది. ఇంటికెళ్ళి మొదట గిన్నెలతో, తర్వాత అత్తగారితో, ఆ పైన మొగుడితో, చివరికి బయట ఆరేసిన బట్టలతో కూడా మాట్లాడితే గానీ ఆ దూడ నిద్రపోయేది కాదు.

చదువు ఐదో తరగతి దాకా ఉంది. చదవడం వచ్చు. అయితే చదవడమంటే ఆమెకు నోటితో చేసే పని. కళ్ళతో చదివి ఊరుకోవడమంటే, అన్నాన్ని చూసి లేచిపోవడం లాంటిదని ఆమె ఉద్దేశం.

హాల్లో కిటికీ పక్క కుర్చీ సిగ్నలాయనది. రైల్వేలో సిగ్నళ్ళ పని చేసి రిటైరయ్యాడు. తలుపు తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు. లోపలికి రాగానే పేపరు తీసుకుని మధ్యాహ్నం దాకా దాన్ని వదిలేవాడు కాదు. మిగతావాళ్ళు చూపులతో శాపనార్థాలు పెట్టేవాళ్ళు. బల్లలు తుడుస్తూ తుడుస్తూ మైకక్క ఒక సంగతి గమనించింది. ఆయన పేజీ తిప్పడు. మొదటి పేజీతో కూర్చుని మొదటి పేజీతోనే లేస్తాడు. ఒకరోజు పెరట్లో కుళాయి దగ్గర దొరికినప్పుడు అడిగేసింది.

“ఏం బాబాయ్, ఒకే పేజీ పొద్దుగూకులూ చూస్తావు? అంత ఏముంది అందులో?”

ఆయన చేతులు కడుక్కోవడం పూర్తి చేశాడు.

“ఏముందో తెలిస్తే తిప్పేవాణ్ణి కదమ్మా.”

చూపు మసకబారి చాలాకాలమైందట. ఆపరేషను లాభం లేదన్నారట. మనుషులూ గుమ్మాలూ తెలుస్తాయి, అక్షరాలు తెలియవు. ఇంట్లో చెప్పలేదు. చెబితే ఒంటరిగా బయటికి పంపరు. రెండు గదుల ఇల్లు, కొడుకు, కోడలు, నలుగురు పిల్లలు. ఈ ఊళ్ళో తనదంటూ ఉన్నది కిటికీ పక్క ఈ కుర్చీ ఒక్కటే. ఇదంతా ఆయన, వర్షం పడేలా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

మైకక్క తడిచేతులు చీరకు తుడుచుకుని లోపలికెళ్ళి నిన్నటి పేపరు తెచ్చింది. కుళాయి గట్టు మీద కూర్చుని మొదటి పేజీ మొదటి మాట నుంచి ఎత్తుకుంది. ఎన్నాళ్ళ నుంచో కట్టేసిన గొంతు. రెండో పేజీకి వచ్చేసరికి ప్రహరీ అవతల జనం ఆగారు. మూడో పేజీకి బట్టల కొట్టు వాళ్ళు బయటికొచ్చారు. ఆటల పేజీ మొదలుపెట్టేసరికి లైబ్రేరియన్ గారు పెదాల మీద వేలుతో ప్రత్యక్షమయ్యాడు. ఈసారి చేతిలో త్రాసు లేదు గనుక ఆమెకు భావం అర్థమైంది.

ఉద్యోగం పోయిందనే అనుకుంది. ఆయన మాత్రం సిగ్నలాయన వంక, పేపరు వంక, మళ్ళీ సిగ్నలాయన వంక చూశాడు. ఇన్నేళ్ళుగా పేపరు పట్టుకుని కూర్చున్నవాణ్ణి తను ఆదర్శ పాఠకుడని నలుగురికీ చూపించిన సంగతి గుర్తొచ్చినట్టుంది. నేరుగా వెళ్ళి ఐసు గది తాళం తీశాడు. మైకక్కను లోపలికి పంపి, తలుపు వేసి, లోపల ఎంత గట్టిగా అరవగలదో అంత గట్టిగా అరవమని చెప్పి బయట చెవి ఆనించి నిలబడ్డాడు. ఆమె అరిచింది. బయటికి ఏమీ రాలేదు. పైన గాలి కోసం పెట్టిన గొట్టంలోంచి కప్పు మీద పావురాలు మాత్రం లేచిపోయాయి. లైబ్రేరియన్ గారి ముఖంలో అంత తృప్తి చూడడం అదే మొదటిసారని తర్వాత చాలామంది చెప్పారు.

“చదివితే చదువు” అన్నాడాయన. “తలుపేసుకుని చదువు.”

మర్నాటి నుంచి భోజనాల వేళ తర్వాత ఐసు గదిలో బల్బు వేసుకుని చదువు మొదలైంది. మొదట సిగ్నలాయన ఒక్కడే. తర్వాత కళ్ళకు శుక్లాలు వచ్చిన తాపీమేస్త్రీ వచ్చాడు. బట్టలు ఇస్త్రీ చేసే పెద్దావిడ వచ్చింది. బడి ముఖం చూడలేదనీ, ఇప్పుడు చూసి సాధించేది కూడా ఏం లేదనీ, గది చల్లగా ఉందంటే వచ్చాననీ ముందే చెప్పేసింది. దర్జీ ఒకాయన చేతికుట్టు పని తెచ్చుకుని కూర్చునేవాడు. చెవులు ఖాళీగానే ఉంటాయి కదా అనేవాడు. ఎండాకాలం వచ్చేసరికి కూర్చోవడానికి చోటు చాలక, విరిగిన బల్లలకు మేస్త్రీ ఇటుకలు పేర్చి కాళ్ళు పెట్టాడు.

మైకక్కకు ఏది ముఖ్యమో ఏది కాదో తెలియదు గనుక ఏదీ వదిలేది కాదు. పేపరు పేరుతో మొదలుపెట్టి అట్టడుగున అచ్చాపీసు చిరునామాతో ముగించేది. టెండర్లు చదివేది. తప్పిపోయినవాళ్ళ ప్రకటనలు, వాళ్ళు వేసుకున్న చొక్కా రంగుతో సహా చదివేది. ఫలానా పేటకు రేపు నీళ్ళు రావని ఏ మూలో చిన్న అక్షరాల్లో ఉంటే అదీ చదివేది. ఆ పేటలో ఇస్త్రీ ఆవిడ ఇంట్లో బిందెలు ముందు రోజే నిండేవి. ఆమెను చూసి వీధి మొత్తం నింపుకునేది. ఇలా ఆ ఊళ్ళో ఐసు గది మాట మెల్లగా పెద్దదైంది. ఎవరికే ప్రకటన అర్థం కాకపోయినా, టీకాలు ఎక్కడ వేస్తున్నారో తెలియకపోయినా, ఐసులో మైకక్కను అడగమనేవాళ్ళు. ఆమెకు తెలిసేది కాదు. అయితే దానికి సంబంధించిన పేపరు తెచ్చి మొదటి నుంచీ చదివేది, ఎక్కడో ఒకచోట అది తగిలేది.

పేపరు అయిపోయాక ఇంకా పొద్దు మిగులుతోందని పుస్తకాలు మొదలుపెట్టారు. ఏ పుస్తకమన్నదానికి రోజూ తగువే. ఒకసారి దర్జీ పట్టుబట్టి ఒక హత్య నవల తీయించాడు. కథలో ఒక పెద్ద బంగళా, అందులో ఒక ముసలి జమీందారు, ఆయన్ని చంపిందెవరో తెలియదు. వారం తిరిగేసరికి గది రెండు పక్షాలైంది. వంటవాడే చంపాడని మేస్త్రీ, తమ్ముడు చంపాడని ఇస్త్రీ ఆవిడ. సిగ్నలాయన ఏ పక్షమూ కాదు, టైములు సరిపోవడం లేదనేవాడు. చివరికి డిటెక్టివు అందర్నీ హాల్లోకి పిలిచి, తలుపు మూయించి, ‘హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు’ అన్నాడు. మైకక్క పేజీ తిప్పింది. అవతల అట్ట ఉంది.

“అయిపోయింది” అందామె.

“ఎక్కడయింది?” అన్నాడు మేస్త్రీ.

చివరి పేజీలు ఎప్పుడో ఎవరో చింపుకుపోయారు. ఆ రాత్రి ఎవరికీ సరిగా నిద్ర లేదు. మర్నాడు మేస్త్రీ, ఇస్త్రీ ఆవిడ కలిసి వెళ్ళి లైబ్రేరియన్ గారి బల్ల ముందు నిలబడ్డారు. హాల్లో మాట్లాడకూడదు గనుక నిలబడే ఉన్నారు. ఆయన పని చేసుకుంటూ పోయాడు, వీళ్ళు నిలబడుతూ పోయారు. చివరికి ఆయనే లేచి, వాళ్ళ వెంట నడిచి, జీవితంలో మొదటిసారి ఐసు గది చదువులో కూర్చున్నాడు. ఆ నవల ఆయన చిన్నప్పుడే చదివాడట.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి. ఎవరికీ ఏమీ వినపడలేదు. మైకక్క ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆయన చెప్పిన ప్రతి మాటా గదికి అందించింది.

“డాక్టరంట చంపింది!”

“నేను అంట అనలేదు” అన్నాడాయన.

“అంట అనలేదంట” అంది మైకక్క.

వంటవాడి పక్షం, తమ్ముడి పక్షం కలిసి డాక్టరు మీద పడ్డాయి. ఎందుకు చంపాడు, మందు ఎప్పుడు కలిపాడు, మరి ఆ కుక్క ఎందుకు అరవలేదు. ఆయన జవాబులు చెబుతూ చెబుతూ లేచి నిలబడ్డాడు. బంగళా ఎలా ఉంటుందో చేతులతో చూపించాడు. డాక్టరు ఎలా నడుస్తాడో నడిచి చూపించాడు. ఆయన ముఖం ఎర్రబడింది. ఎంతసేపు గడిచిందో ఎవరూ చూసుకోలేదు.

చెప్పడం ముగించి తలుపు తీసేసరికి హాలు చేపల బజారులా ఉంది. ఆయన లేడని తెలిసి పాఠకులందరూ, ఇన్నేళ్ళుగా పక్కపక్కనే కూర్చుని ఎన్నడూ పలకరించుకోనివాళ్ళు, ఒకరి ఊరు ఒకరు, ఒకరి జబ్బులు ఒకరు అడిగి తెలుసుకుంటున్నారు. ఐసు గది తలుపు రెండువైపులా పనిచేస్తుందని లైబ్రేరియన్ గారికి అప్పుడే తెలిసింది. ఆయన చెక్కపలక తీసుకుని మనిషి మనిషి దగ్గరకూ వెళ్ళి తనే పట్టుకున్నాడు. అయినా ఆ తర్వాత, చివరి పేజీలు లేని పుస్తకం ఏది తగిలినా ఆయన్ని పిలిచేవాళ్ళు. వచ్చేవాడు. చదవని పుస్తకమైతే మాత్రం రెండు రోజులు గడువు అడిగేవాడు. ఆ రెండు రోజుల్లో ఆయన ఎక్కడ తెలుసుకునేవాడో, లేక సొంతంగా అల్లేవాడో ఎవరూ ఆరా తీయలేదు.

ఒక వర్షాకాలంలో సిగ్నలాయన పోయాడు. నిద్రలోనే. కొన్నాళ్ళకు ఆయన కోడలు, ఇంట్లో దొరికిన గ్రంథాలయం పుస్తకం ఇచ్చిపోవడానికి వచ్చింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

“మా మామగారు రోజూ భోజనాల దగ్గర పేపరంతా చెప్పేవారండీ. పిల్లలకు బడి కోసం పేపరు చదవక్కర్లేకుండా పోయింది. ఆ వయసులో ఆ చూపు ఎలా ఉందో అనుకునేవాళ్ళం.”

మైకక్క పుస్తకం తీసుకుంది. చెబుదామా వద్దా అని ఆలోచించడం కూడా ఆమెకు కొత్త పనే.

“మంచి చూపమ్మా” అంది. అది నిజంగా మెల్లగా వచ్చింది. ఆ కుర్చీలో మాత్రం ఆమె కొన్నాళ్ళు ఎవర్నీ కూర్చోనివ్వలేదు. కాలు విరిగిందని చెప్పేది. ఎవరైనా వంగి చూస్తే పలక పట్టుకునేది.

తర్వాత రోడ్డు వెడల్పు వచ్చింది. మున్సిపాలిటీ ఇంజనీరు వచ్చి, హాలు గోడ మీద ఎర్రరంగుతో ఒక గీత గీశాడు. ఆ గీత లెక్కన హాలు మొత్తం రోడ్డు అయిపోతుంది. టింబర్ డిపో ఆయన అప్పటికి లేడు. ఆయన కొడుకుకు ఫర్నిచర్ మీదున్న శ్రద్ధ పుస్తకాల మీద లేదు. లైబ్రేరియన్ గారు అర్జీ పెట్టాడు. ఐసు గది వాళ్ళంతా కలిసి మున్సిపాలిటీకి వెళ్ళారు. మైకక్క అధికారి ముందు నిలబడి మాట్లాడింది. ఆయన తలనొప్పి అన్నాడు గానీ గీత చెరపలేదు. మీ బాధ అర్థమైందన్నాడు, బాధ అర్థమైనంత మాత్రాన రోడ్డు ఆగదన్నాడు. పుస్తకాలు ఐసు గదిలోకి మోసుకున్నారు. హాలు ఒక్క పొద్దులో కూలింది. నేల మధ్య కాలువ మీద తారు పోశారు.

మిగిలిన గది ఒంటరిగా ఎందుకని దాన్ని కూడా పడగొట్టమని హుకుం వచ్చింది. యంత్రం వచ్చి ఐసు గది గోడను ఒక్క పోటు పొడిచింది. గోడ ఆ పోటును మింగేసింది. చిల్లులోంచి రంపపు పొట్టు జలజలా రాలి యంత్రం పళ్ళ నిండా కూరుకుపోయింది. డ్రైవరు దిగి, పొట్టు దులిపి, మళ్ళీ పొడిచాడు. మళ్ళీ పొట్టు. భోజనం చేసి వచ్చి ఇంకో వైపు నుంచి చూశాడు. ఆ వైపు కూడా అదే గోడ. దీంతో పెట్టుకుంటే రోడ్డు ఈ ఏడు అవదని కాంట్రాక్టరు తేల్చేశాడు. గది రోడ్డుకు అడ్డం కూడా కాదు గనుక, ‘తర్వాత చూద్దాం’ అని రాసుకుని వెళ్ళిపోయారు. తర్వాత ఎవరూ చూడలేదు. మేస్త్రీ తన మనుషుల్ని పెట్టి చిల్లు పూడ్చాడు. వీధివైపు ఒక కిటికీ కూడా పెట్టాడు. అలా ఊరికి ఒకే గదిలో గ్రంథాలయం మిగిలింది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. గది ఒకటి, మతాలు రెండు. హాల్లో మౌనంగా చదివేవాళ్ళు వెళ్ళడానికి వేరే చోటు లేదు, ఐసు గదిలో వినేవాళ్ళకీ లేదు. చప్పుడుతో గ్రంథాలయం నడపడం కన్నా మూసేయడం మేలని లైబ్రేరియన్ గారు అన్నాడు. ఆయన గొంతు పెంచి మాట్లాడడం మైకక్క విన్నది ఆ ఒక్కసారే.

“సార్, పొద్దున పూట మీది. మధ్యాహ్నం మాది” అంది మైకక్క. “మీ పూట నేను లోపలికే రాను. బయట కూర్చుంటా.”

ఆయన ఒప్పుకోలేదు. వద్దని కూడా అనలేదు. పొద్దునపూట ఆమె గుమ్మం బయట స్టూలు వేసుకుని, వచ్చేవాళ్ళ చెప్పులు, గొడుగులు చూస్తూ కూర్చునేది. కొత్త రోడ్డు మీద లారీల హోరు. ఆ హోరులో ఆమె మామూలుగా మాట్లాడినా ఎవరూ తల తిప్పేవాళ్ళు కాదు. పుట్టింటికి వచ్చినట్టుందని దర్జీతో చెప్పిందట. మధ్యాహ్నం కాగానే మౌనం వాళ్ళు లేవాలి. అందరూ లేచేవాళ్ళు కాదు. ఏదో పుస్తకం దొరకడం లేదన్నట్టు బీరువాల దగ్గర తచ్చాడుతూ, కథ మంచి పట్టులో ఉంటే అక్కడే నిలబడిపోయేవాళ్ళు. ఎవరూ వాళ్ళను కూర్చోమనలేదు. కూర్చోమంటే వినడానికి ఉన్నట్టు ఒప్పుకోవాల్సొస్తుంది.

లైబ్రేరియన్ గారు రిటైరయ్యాడు. ఆయన స్థానంలోకి కంప్యూటరు నేర్చుకున్న అమ్మాయి వచ్చింది. కొన్ని నెలలు ఆయన కనిపించలేదు. ఒక మధ్యాహ్నం మెత్తటి చెప్పులతో వచ్చి, ముందు వరసలో, సరిగ్గా మైకక్క ఎదురుగా కూర్చున్నాడు. మర్నాడూ వచ్చాడు. ఉచ్చారణ ఎలా ఉందో చూసిపోదామని వస్తున్నానన్నాడు. నిజంగానే రెండు మూడు ఒత్తులు సరిచేశాడు. ఒకరోజు చదువు అయ్యాక ఆమెను దగ్గరికి పిలిచాడు.

“ఈమధ్య గొంతు బాగా తగ్గించావమ్మా. ఇన్నాళ్ళకి నేర్చుకున్నావు.”

ఆ పొద్దు ఆమె చదివింది యుద్ధం ఘట్టం. కిటికీ అవతల బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా విన్నారు.

“మీరు నేర్పిందే సార్” అంది మైకక్క.

“ఏంటీ?”

“మీరు నేర్పిందే!”

ఈసారి కప్పు మీద పావురాలు లేచాయి. ఆయన తృప్తిగా తల ఊపాడు. ఇస్త్రీ ఆవిడ నవ్వు రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత ఆయన భార్య కనిపించినప్పుడు అసలు సంగతి తెలిసింది. ఇంట్లో కొడుకూ కోడలూ మనవలూ అందరూ నోట్లో నోట్లో గొణుక్కుంటున్నారనీ, టీవీ కూడా గొణుగుతోందనీ, ఈ కాలం జనానికి ఒంట్లో సత్తువ లేదనీ ఆయన రోజూ విసుక్కుంటున్నాడట. చెవుల డాక్టరు దగ్గరికి రమ్మంటే, లైబ్రరీలో అటెండరు మెల్లగా చదివేదే చక్కగా వినపడుతోంది, నాకేం రోగం అన్నాడట.

“మీరైనా చెప్పకూడదా?” అంది ఆవిడ.

చెప్పనంది మైకక్క. జీవితమంతా నిశ్శబ్దం కోసం తపస్సు చేసిన మనిషికి అది దొరికితే, దొరికిందని తెలియకుండా పోనివ్వండి అంది. ఆ రోజు నుంచి మాత్రం స్టూలును కాస్త ముందుకు జరుపుకుని, పెదాలు కనపడేలా పుస్తకం కిందికి దించి చదివేది. ఆయన ఆఖరుదాకా వచ్చాడు, ఆఖరుదాకా ఒత్తులు దిద్దాడు. చివరి రోజుల్లో దిద్దిన వాటిలో సగం ఆమె సరిగ్గా పలికినవే. ఆమె వాటిని కూడా మళ్ళీ పలికేది.

తన వంతు వచ్చి మైకక్క కూడా రిటైరైంది. శాలువా కప్పారు, మాట్లాడమన్నారు. అందర్నీ చూసి, అలాగే వస్తుండండి అని చెప్పి కూర్చుంది. మర్నాటి నుంచి కొత్త లైబ్రేరియన్ అమ్మాయి చదివింది. అమ్మాయిది చక్కటి చదువు, ఎక్కడా తడబాటు లేదు. బాగానే చదువుతోందనీ, ఏం చదువుతోందో తెలియడం లేదంతేననీ దర్జీ అన్నాడు. రిటైరైనవాళ్ళను పనిలో పెట్టుకోవడానికి నియమం ఒప్పుకోదని మున్సిపాలిటీలో చెప్పారు. ఆ అమ్మాయి నియమాలన్నీ తిరగేసి, సభ్యులు మధ్యాహ్నం పూట గదిని వాడుకోవచ్చని ఉన్న ఒక్క వాక్యం పట్టుకుని మైకక్క ఇంటికెళ్ళింది. అన్నేళ్ళు అక్కడ పనిచేసిన మైకక్క ఎన్నడూ అందులో సభ్యురాలు కాలేదు. ఆ అవసరం ఉంటుందని ఎవరికీ తోచలేదు.

సభ్యత్వం కార్డు మీద ఏ పేరు రాయాలో తేలడానికి కొంత సమయం పట్టింది. కార్డు ఉన్నవాళ్ళు పుస్తకం ఇంటికి తీసుకెళ్ళవచ్చని అమ్మాయి చెప్పింది. మైకక్క బీరువాల మధ్య చాలాసేపు తిరిగి, ఐసు గదిలో ఎవరూ ఒప్పుకోక తను ఎప్పుడూ చదవలేకపోయిన ఒక పెద్ద ప్రేమ నవల తీసుకుంది. ఇంటికి తీసుకెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, ఆ సాయంత్రం ఒక్కతే తన కోసం తను చదువుకుంది. ఆ కథ వీధిలో అందరికీ నచ్చింది.